మాట్లాడే గళ్ల బొమ్మ

పిల్లలూ, మీ పాఠ్యపుస్తకం ఒకసారి తెరిచి చూడండి. పాఠం మొదలయ్యే పేజీలో ఒక పక్కగా చిన్న చదరపు బొమ్మ ఒకటి కనిపిస్తుంది. నల్లగళ్లూ తెల్లగళ్లూ కలగాపులగంగా అచ్చువేసి ఉంటాయి, బెల్లంముక్క చుట్టూ చీమలు మూగినట్టు. దానిలో అక్షరం లేదు, అంకె లేదు. కాని సెల్‌ఫోను కన్ను దాని మీద పడిందంటే చాలు, ఆ పాఠం తెర మీదికి వచ్చి మాట్లాడటం మొదలుపెడుతుంది!

దీన్ని క్యూఆర్ కోడ్ అంటారు. అంగడిలో ఉప్పూ పప్పూ కొని డబ్బు కట్టేటప్పుడు కూడా మీరు దీన్ని చూసే ఉంటారు. కాని ఇది అంగళ్ల కోసం పుట్టలేదు, బళ్ల కోసమూ పుట్టలేదు. 1994లో జపాను దేశంలో డెన్సో అనే మోటారు సామాన్ల కంపెనీలో మసహిరో హారా అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. కారుకు కావలసిన విడిభాగాలు వేలకువేలు ఉంటాయి గదా! ఏ పెట్టెలో ఏమున్నదో యంత్రం చప్పున చదివి చెప్పాలి. అంతకు ముందు వాడుతుండిన నిలువుగీతల గుర్తులో ఓ ఇరవై అక్షరాలకు మించి పట్టేవి కావు. హారాకు 'గో' అనే ఆట ఇష్టం. అది గళ్ల పలక మీద ఆడే ఆట. నల్లరాళ్లు, తెల్లరాళ్లు పెడతారు. ఆ పలకను చూస్తూండగా అతనికి ఆలోచన తట్టింది: గీతలు అడ్డంగా మాత్రమే చదవటమెందుకు, గళ్లు పరిస్తే నిలువుగానూ అడ్డంగానూ చదవవచ్చును గదా!

ఇప్పుడొక పని చెయ్యండి. బొమ్మ మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలున్నాయి, నాలుగో మూల లేదు. ఆ పెద్ద చదరం నడిమిగా స్కేలు పెట్టి అడ్డంగా కొలవండి. ముందు నలుపు ఒక గడి, తరవాత తెలుపు ఒక గడి, మధ్య నలుపు మూడు గళ్లు, మళ్లీ తెలుపు ఒకటి, నలుపు ఒకటి. నిలువుగా కొలిచినా అంతే; మూల నుంచి మూలకు కొలిచినా ఆ పాళ్లు మారవు. పత్రికలూ, కరపత్రాలూ, అట్టపెట్టెలూ ఎన్నో పరీక్షించి, మామూలు అచ్చులో అతి తక్కువగా కనిపించే పాళ్లు ఇవేనని హారా బృందం తేల్చింది. అందుచేత యంత్రం ఎంత గజిబిజిలో ఉన్నా ఆ మూడు చదరాలనూ ఇట్టే పట్టేస్తుంది. మూడే ఉండటంవల్ల పుస్తకం తలకిందులుగా ఉన్నా ఏది పైమూలో దానికి తెలిసిపోతుంది.

ఇంకో వింత. బొమ్మ మీద సిరా ఒలికినా, అంచు కొంచెం చిరిగినా అది చదువుతుంది. ఎట్లా? లెక్కల సాయంతో. నేను మీకు 7, 4, 9 అనే మూడు అంకెలు పంపించి, వాటి మొత్తం 20 అని కూడా పంపించాననుకోండి. దారిలో 4 చెరిగిపోయింది. మీరు దాన్ని కనుక్కోలేరా? 20లోనుంచి 7నూ 9నీ తీసేస్తే సరి! గళ్ల బొమ్మలోనూ ఇటువంటి అదనపు అంకెలే ఉంటాయి, కాకపోతే ఆ లెక్క ఇంకా పెద్దది. గట్టి రకం బొమ్మలో సుమారు 30 శాతం పాడయినా మిగిలినదానితో మొత్తం కట్టుకోవచ్చు.

అయితే ఒక సంగతి గమనించండి. గళ్ల బొమ్మలో పాఠం ఉండదు. పాఠం ఉన్న చోటికి చిరునామా మాత్రం ఉంటుంది. పోస్టుకార్డు మీద ఊరూ, వీధీ, పిన్‌కోడూ రాసినట్టన్నమాట. ఆ చిరునామా ఎక్కడిది? 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం 'దీక్షా' అనే పాఠాల భాండాగారాన్ని ప్రారంభించింది. దానికి పునాదిగా ఉన్న సాఫ్ట్‌వేరును బెంగళూరులోని ఏక్‌స్టెప్ ఫౌండేషన్ అనే సంస్థ తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చునని వదిలేసింది. అందులో ఏ పాఠాలు పెట్టాలో ఆయా రాష్ట్రాల విద్యాశాఖలు చూసుకుంటాయి. పాఠాలు చెప్పేది మామూలు బడిపంతుళ్లు. వాటిని మీ ఊరికి మోసుకువచ్చేది టెలిఫోను కంపెనీ వారి స్తంభం. ప్రభుత్వం, ధర్మసంస్థ, ఉపాధ్యాయుడు, వ్యాపారి: ఈ నలుగురిలో ఏ ఒక్కరు చెయ్యి తీసినా గళ్ల బొమ్మ ఉత్త గళ్ల బొమ్మే.

ఇక్కడే మన అనంతపురం పీఠభూమికి చిక్కు వస్తుంది.

మన సీమకు ఏడాదిలో కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులు పడమటి కనుమలకు తగిలి అక్కడే చాలావరకు కురిసి, మన వైపు వట్టి గాలిగా వస్తాయి. తూర్పు సముద్రం దూరం గనక ఈశాన్య మబ్బులు కూడా అలిసిపోయి చేరతాయి. చెనక్కాయ విత్తిన రైతు మింటి వైపు చూస్తూ కూర్చోవలసిందే. పంట పోయిన ఏడు కొందరు బెంగళూరుకు కట్టడం పనులకు పోతారు, కొందరు కోస్తా జిల్లాలకు మిరపకాయల కోతకు సుగ్గికి పోతారు. పిల్లవాడు అవ్వ దగ్గర ఉండిపోతాడు. మరి ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ? అది నాయన చొక్కాజేబులో బెంగళూరు పోయింది! పుస్తకం ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది, అందులో చిరునామా ఉంది, ఆ ఊరికి పోవటానికి బస్సు మాత్రం లేదు. పిల్లవాడే అమ్మానాన్నల వెంట వెళ్లిపోయాడంటే అంతకన్న కష్టం. ఫోను ఉంటుంది గాని బడి ఉండదు. ఈ చిక్కు తెలిసే, వలసలు ఎక్కువగా ఉన్న చోట్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవటానికి ఆ కొన్ని నెలల కోసం ప్రత్యేకంగా వసతి గృహాలు నడుపుతూ వచ్చారు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. రెండువందల ఏళ్లనాటి కాగితాల్లోనూ ఉన్నది. మన జిల్లా 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో అడిగిన మీదట, జిల్లాలోని బళ్లన్నిటినీ లెక్కపెట్టించాడు. ఈ క్యాంబెల్ తెలుగుకు వ్యాకరణం రాసిన దొర. లెక్కలో తేలినవి 533 బళ్లు, 6,641 మంది పిల్లలు. వారిలో ఆడపిల్లలు 60 మంది! అప్పటికి జిల్లా జనం 9 లక్షల 27 వేల పైచిలుకు. అంటే వెయ్యిమంది జనానికి బడిలో ఉన్న పిల్లలు ఏడుగురు. ఎందుకింత తక్కువ? దేశం బీదదైపోయింది, పిల్లవాడికి చెయ్యి కాస్త బలపడగానే పనికి పంపవలసి వస్తున్నది అని క్యాంబెల్ కారణం రాశాడు.

ఆ బళ్లలో వాడిన సామాను కూడా ఆయన వివరించాడు. పిల్లలు మొదట ఇసుకలో వేలితో దిద్దేవారు. తరవాత పలక. ఆ పలక రాతిది కాదు; చెక్కను నునుపుచేసి, దాని మీద అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూసేవారు. ఇంకొకటి కడతం, గుడ్డకు గంజి పట్టించి, మడతలు పెట్టి, బొగ్గూ జిగురూ పూసి పుస్తకంలా చేసేవారు. బలపంతో రాయటం, తడిగుడ్డతో తుడవటం. ఆలోచించండి, రాసి తుడిపి మళ్లీ రాయగల తెర మన ఊళ్లలో అప్పుడే ఉన్నది! దానికి కరెంటు అక్కర్లేదు, చెడిపోతే ఇంట్లో గంజి ఉన్నది. ముందు నేర్చిన పిల్లలు వెనక వచ్చిన పిల్లలకు చెప్పే పద్ధతి కూడా ఉండేది. ఆండ్రూ బెల్ అనే పాదిరి ఇటువంటి పద్ధతినే మద్రాసులో నడిపి, 1797లో ఇంగ్లండులో దాన్ని గురించి పుస్తకం అచ్చువేయించాడు. అక్కడి బీదపిల్లల బళ్లలో అది 'మద్రాసు పద్ధతి' పేరుతో వ్యాపించింది.

ఇక ఆకాశం నుంచి పాఠం వచ్చిన కథ వినండి. 1969లో మన దేశమూ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక ఒప్పందం చేసుకున్నాయి. దీనికి ముఖ్యుడు విక్రం సారాభాయి. ఫలితం చూడకుండానే ఆయన 1971లో కన్నుమూశాడు. నాసావారి ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక్క సంవత్సరం పాటు మనకు కనిపించే చోటికి జరిపారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు దాని ద్వారా టెలివిజను వచ్చింది. వాటిలో చాలా ఊళ్లు అంతకు ముందు టీవీ పెట్టె ముఖం చూడలేదు. పెట్టెలు తయారుచేసింది మన హైదరాబాదులోని ఈసీఐఎల్. మిద్దె మీద పెట్టిన గొడుగు చూస్తే నవ్వు వస్తుంది. కోళ్లగూళ్లకు వేసే ఇనుప వల అది, పది అడుగుల వెడల్పున గుండ్రంగా బిగించినది! ఉపగ్రహం పంపే తరంగం పొడుగు ఆ వల కన్నాల కన్న ఎన్నో రెట్లు పెద్దది గనక దానికి ఆ వల గోడలాగే కనిపిస్తుంది, తగిలి వెనక్కి తిరుగుతుంది. గాలి మాత్రం కన్నాల్లోంచి పోతుంది, కనక ఈదురుగాలికి గొడుగు పడిపోదు. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బాటరీలతో నడిపారు.

పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు, తెలుగుతో సహా నాలుగు భాషల్లో పాఠాలు వచ్చేవి. పెట్టెను కనిపెట్టుకుని ఉండే పని చాలాచోట్ల బడిపంతులుదే. సెలవుల్లో పంతుళ్లకే విజ్ఞానశాస్త్రం బోధించే పాఠాలు కూడా ప్రసారమయ్యాయి. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం తన దారిన తాను పోయింది. అది అరువు సొత్తు గదా! కాని ఆ ఏడాదిలో మనవాళ్లు పని నేర్చుకున్నారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి మన రాకెట్టే, చదువు కోసమే ఉద్దేశించిన ఎడ్యుశాట్ అనే మన ఉపగ్రహాన్ని పైకి తీసుకుపోయింది. 2020లో కరోనా వచ్చి బళ్లు మూసినప్పుడు కూడా, ఫోను లేని ఇళ్లకు సప్తగిరి టీవీ ప్రసారం చేసిన పాఠాలే దిక్కయ్యాయి.

తరవాత కంప్యూటర్ల కాలం వచ్చింది. 2008లో రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు ఒకేసారి కంప్యూటర్లు పెట్టాలనుకున్నారు. ఖర్చు ఎట్లా? ఒక మామూలు కంప్యూటరు, ఒక్కరు అక్షరాలు కొడుతూంటే, తన బలంలో చాలాభాగం వాడకుండా కూర్చుంటుంది. కాబట్టి ఒక కంప్యూటరుకు చిన్న పెట్టెలు తగిలించి అయిదు తెరలు, అయిదు మీటల పలకలు బిగించారు. అట్లా 10,000 కంప్యూటర్లతో 50,000 మంది కూర్చునే చోటు ఏర్పడింది. ఒకే పొయ్యి మీద అయిదు వంటలన్నమాట. కంపెనీలు తెచ్చి, పెట్టి, మనిషిని ఉంచి నేర్పించి, అయిదేళ్ల తరవాత బడికి అప్పగించాలని ఒప్పందం. అయిదేళ్లూ గడిచాయి. నేర్పే మనిషి వెళ్లిపోయాడు. ఆ తరవాత నేను చూసిన ఒక బడిలో ఆ గదికి వేసిన తాళం మూడేళ్లు తియ్యలేదు. తీసేసరికి తీగలను ఎలుకలు కొరికేసి ఉన్నాయి.

ఇటువంటిదే ఇంకొక అనుభవం చెప్పాలి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ అనే పెద్ద ధర్మసంస్థ ఈ శతాబ్ది మొదటి ఏళ్లలో ఆంధ్రతో సహా అనేక రాష్ట్రాల్లో కంప్యూటరు పాఠాలు ఇచ్చింది. ఎంతో ఖర్చుపెట్టి చేసిన పని. అనుకున్నంత మేలు జరగలేదని, యంత్రం ఉపాధ్యాయుడి లోటు తీర్చలేదని ఆ సంస్థ పెద్దలే 2010లో పత్రికాముఖంగా ఒప్పుకున్నారు. వారిని నేను మెచ్చుకుంటాను.

మరి యంత్రంవల్ల మేలు లేనేలేదా? ఉన్నది. ఏ పనికి వాడాలో తెలిస్తే. మన జిల్లాలో బావుల సంగతి మీకు తెలుసు. ఒక బావిలో నీళ్లు ముప్పై అడుగుల్లో ఉంటే, పక్క చేనులో మూడువందల అడుగులు తవ్వినా దుమ్మే లేస్తుంది. అన్ని బావులకూ ఒకే తాడు చాలదు. తరగతిలో పిల్లలూ అంతే. ఆరో తరగతి గదిలో కూర్చున్నవాళ్లందరూ ఆరో తరగతి లెక్కలు చేయగలవాళ్లు కారు. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్ మొదలైన ఆర్థికశాస్త్రజ్ఞులు పరీక్షిస్తే, వారు చూసిన ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు! అప్పుడు మైండ్‌స్పార్క్ అనే కంప్యూటరు పాఠాలు ఇచ్చి చూశారు. అది ముందు పిల్లవాడికి ఏది వచ్చునో కనిపెడుతుంది, అక్కడి నుంచే మొదలుపెడుతుంది. తప్పుచేస్తే ఆ తప్పును బట్టి తరవాతి ప్రశ్న వేస్తుంది. రోజూ ముప్పావుగంట యంత్రంతో, ముప్పావుగంట చిన్న గుంపుగా ఒక టీచరుతో. నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు, పాఠాలు దొరకని తోటి పిల్లలను లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా దాటారు. ఈ ఫలితం 2019లో అచ్చయింది. మన రాష్ట్రంలోనూ కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో టాబ్లెట్ల మీద ఇటువంటి పాఠాలు నడిపారు.

టాబ్లెట్లంటే మీ ఇళ్లలో కొందరు అన్నలకూ అక్కలకూ ఇచ్చినవి గుర్తుండే ఉంటాయి. 2022 డిసెంబరు 21న మొదలుపెట్టి ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు పంచారు. నాలుగున్నర లక్షలకు పైగా. బైజూస్ అనే కంపెనీ పాఠాలు ముందే అందులో నింపి ఇచ్చారు, ఇంటర్నెట్టు లేకపోయినా చూడవచ్చు. మన పీఠభూమికి ఇది సరిగ్గా కావలసిన గుణం. కాని 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలయింది. కంపెనీ పాఠాలు వాడుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అయితే ఒప్పందం రాసుకునేటప్పుడే, కంపెనీ రేపు లేకపోతే పాఠం ఎవరిది అన్న మాట కూడా అందులో ఉండాలి. దీక్షా పునాది ఎవరైనా వాడుకోవచ్చునని వదిలేశారని ఇందాక చెప్పింది అందుకే.

పొరుగున తెలంగాణలో జరిగిన ఒక పని నాకు బాగా నచ్చింది. 2015లో టాటా ట్రస్టులు, ముంబయిలోని టాటా సమాజశాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎం.ఐ.టి. కలిసి 'క్లిక్స్' అనే ప్రయత్నం ప్రారంభించాయి. నాలుగు రాష్ట్రాలు వారితో చేతులు కలిపాయి, వాటిలో తెలంగాణ ఒకటి. తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలూ, విజ్ఞానశాస్త్రమూ, ఇంగ్లీషూ. చతుర్భుజాల గుణాలు నేర్పటానికి పోలీసు ఆట ఒకటి పెట్టారు! బడి కంప్యూటర్లలోనే పాఠాలన్నీ ఉంచారు, బయటి ఇంటర్నెట్టుతో పనిలేదు. ఒక్కొక్క తెర ముందు ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని, మాట్లాడుకుంటూ చేయాలి. చూశారా, ముందు నేర్చినవాడు పక్కవాడికి చెప్పే మన పాత పద్ధతి మళ్లీ వచ్చింది. దీనికి యునెస్కో బహుమానం ఇచ్చి 2018లో పారిస్‌లో సత్కరించారు. పంతుళ్లకు శిక్షణ ఇవ్వటం ఈ పనిలో సగం. నాకు నచ్చింది ఆ సగమే.

పాఠాలను బడిలోనే నిల్వచేయటం ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెరీ పై అనే కంప్యూటరు 2012లో ఇంగ్లండులో వచ్చింది. దానిలో కొలిబ్రి వంటి ఉచిత సాఫ్ట్‌వేరు వేసి వందలకొద్దీ పాఠాలు నింపవచ్చు. అది తన చుట్టూ ఒక గది మేరకు చిన్న వల అల్లుతుంది. ఆ గదిలోని టాబ్లెట్లు, ఫోన్లు దానితో మాట్లాడతాయి. ఊళ్లో స్తంభం ఉన్నా లేకపోయినా సరే. పైసా డేటా కాదు. చెరువులో నీళ్లు నింపుకున్నట్టు, సిగ్నలు ఉన్న చోట ఒకసారి నింపుకు వస్తే చాలు.

కళ్లు కనిపించని పిల్లలను ఈ విషయంలో మరచిపోతూంటారు. గళ్ల బొమ్మ వారికి కనపడదు గదా! మన జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్.డి.టి. సంస్థ అటువంటి పిల్లలకు వసతితో కూడిన బడులు నడుపుతున్నది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరును ఆస్ట్రేలియాలో, తామే చూపులేని ఇద్దరు యువకులు 2006లో తయారుచెయ్యటం మొదలుపెట్టారు. అది ఉచితం. తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ కొంచెం మొరటుగా ఉంటుందనుకోండి, కాని పరీక్షకు చదువుకునే పిల్లవాడు ఒకరి దయ కోసం కాచుకోనక్కర్లేదు.

ఇక పెద్దలతో ఒక మాట. సుగ్గికో బెంగళూరికో బయలుదేరే ముందు, పిల్లవాడికి కావలసిన పాఠాలను దీక్షాలో దించుకుని ఉంచుకోవచ్చు; తరవాత ఇంటర్నెట్టు అక్కర్లేదు. ఇంట్లో పాత ఫోను ఉంటే, దానికి సిమ్ము లేకపోయినా, అది అవ్వ దగ్గర ఉండనివ్వండి. గాజు పగిలిన ఫోనయినా పాఠం వినటానికి పనికివస్తుంది.

బడిలో తల్లిదండ్రుల కమిటీ ఉన్నది, మీలో కొందరు అందులో సభ్యులు. 2023 నుంచి చాలా ప్రభుత్వ బడులకు గోడంత తెరలు కూడా వచ్చాయి. ఈసారి కమిటీ కూర్చున్నప్పుడు తెర ఎన్ని అంగుళాలని అడగవద్దు. వారంలో ఎన్ని గంటలు వెలుగుతున్నదో అడగండి. చెడిపోతే ఎవరికి కబురు చెయ్యాలో, ఎన్ని రోజుల్లో వస్తారో కాగితం మీద రాయించండి. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో, వారు సెలవు పెట్టిన రోజున రెండో తాళంచెవి ఎక్కడ దొరుకుతుందో కూడా కనుక్కోండి.